మాట మీద వేసిన లంగరు

గురువారం సాయంత్రాలు మా సంఘంలో ఒక్కొక్క వారం ఒక్కొక్కరి ఇంట్లో ప్రార్థన జరుగుతుంది. వాక్యం ముగిసిన తరువాత అయ్యగారు బైబిలు మూసి ఒడిలో పెట్టుకొని, "ప్రార్థన అంశాలు ఉంటే చెప్పండి" అంటారు. ఒకరు మోకాళ్ల నొప్పుల గురించి చెబుతారు, ఒకరు కొడుకు పరీక్షల గురించి, మరొకరు ఏళ్ల తరబడి కోర్టులో నలుగుతున్న స్థలం గురించి. మూడేళ్ల క్రితం ఒక గురువారం నేను కూడా ఒక అంశం చెప్పాను. మా సంఘంలోని ఒక కుటుంబంలో అమ్మాయికి కుదిరిన సంబంధం తప్పిపోయింది. ఎందుకు తప్పిపోయిందో ఆ అమ్మాయి తండ్రి నాతో, నాతో మాత్రమే, బడి గేటు దగ్గర సైకిలు పట్టుకొని నిలబడి చెప్పుకొన్నాడు. నేను ఆ సంగతిని బరువైన గొంతుతో, "ఈ కుటుంబం కోసం మనమందరం భారంతో ప్రార్థించాలి" అన్న ముందుమాటతో పదిహేనుమంది ఎదుట పెట్టాను. అమ్మాయి పేరు కూడా చెప్పాను.

ఆ రాత్రి అందరూ కన్నీళ్లతో ప్రార్థించారు. ఆదివారం ఆరాధన ముగిసేసరికి ఆ సంగతి మందిరం మెట్లు దాటింది, సాయంత్రానికి ఆ అమ్మాయి పనిచేసే దుకాణం దాకా వెళ్లింది. చీకటి పడే వేళకు ఆమె తండ్రి మా ఇంటికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు, మా ఆవిడ మంచినీళ్లు తెస్తే తీసుకోలేదు. గుమ్మం దగ్గరే నిలబడి, "మాస్టారూ, మా పిల్ల పేరు మీరు చెబితేగాని దేవుడికి తెలియదాండీ?" అని అడిగి, నేను జవాబు వెతుక్కొనేలోపు వెళ్లిపోయాడు.

నాకు మొదట వచ్చింది పశ్చాత్తాపం కాదు, కోపం. ప్రార్థన చేయమని అడగడం కూడా తప్పేనా, నేను అబద్ధం ఏమైనా చెప్పానా అని మా ఆవిడ ముందు చాలాసేపు వాదించాను. ఆమె బియ్యం ఏరుకుంటూ అంతా విని, "మీరు చెప్పింది నిజమేనండీ. కాని ఆ నిజం మీది కాదు కదా" అన్నది. నలభై ఏళ్లుగా సండే స్కూల్లో పిల్లలకు తొమ్మిదవ ఆజ్ఞ నేర్పుతున్నవాణ్ణి, అబద్ధ సాక్ష్యం పలకకపోతే నాలుక విషయంలో నా లెక్క సరిపోయినట్టేనని అంతకాలం అనుకొన్నాను. నిజాన్ని కూడా దొంగిలించవచ్చునని ఆ రాత్రి దాకా నాకు తట్టలేదు.

బైబిలులో అపొస్తలుడైన పౌలు ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక నాలుగవ అధ్యాయం ఇరవై తొమ్మిదవ వచనం మాకు కంఠతా వచ్చు. "వినువారికి మేలు కలుగునట్లు అవసరమునుబట్టి క్షేమాభివృద్ధికరమైన అనుకూలవచనమే పలుకుడి గాని దుర్భాష యేదైనను మీ నోట రానియ్యకుడి." దుర్భాష అనగానే మనకు బూతులు గుర్తుకు వస్తాయి, తాగి వీధిలో అరిచేవాడు గుర్తుకు వస్తాడు, కనుక ఆ వచనం మన కోసం కాదన్న ధైర్యంతో ముందుకు సాగిపోతాం. అయితే పౌలు గ్రీకులో వాడిన మాట సప్రోస్. ఆ మాటకు కుళ్లినది, పాడైనది, పనికిరానిది అని అర్థం. యేసుప్రభువు వల ఉపమానంలో, మత్తయి సువార్త పదమూడవ అధ్యాయంలో, జాలరులు ఒడ్డున కూర్చుండి బయట పారవేసిన చేపలకు వాడిన మాట అదే. పన్నెండవ అధ్యాయంలో చెడ్డ చెట్టుకు వాడిన మాట కూడా అదే, ఆ చెట్టు ప్రస్తావన వచ్చిన కొద్ది వచనాలకే మనుష్యులు పలుకు వ్యర్థమైన ప్రతి మాటకు విమర్శదినమున, అంటే తీర్పు రోజున, లెక్క చెప్పవలసి యుండునన్న హెచ్చరిక వస్తుంది. బూతు మాట మొదటి నుండీ చెడ్డదే. కుళ్లిన చేప మాత్రం ఒకప్పుడు మంచి చేపే.

కాకినాడ చుట్టుపక్కల పుట్టి పెరిగినవారికి ఈ పోలికను విడమరచి చెప్పనక్కరలేదు. చేపల బజారులో ఐసు మీద పేర్చిన చేప పైకి ఎప్పుడూ మెరుస్తూనే ఉంటుంది. మా అమ్మ ఆ మెరుపును ఏనాడూ నమ్మేది కాదు. చేపను ఎడమ చేత పట్టుకొని బొటనవేలితో మొప్ప ఎత్తి చూసేది. లోపల ఎర్రగా ఉంటే బేరం మొదలు, నల్లబడి జిగురు పట్టి ఉంటే ఒక్క మాట కూడా మాట్లాడకుండా పక్క గంపకు జరిగిపోయేది. ఐసు చేపను బాగుచేయదు, వాసన బయటికి రాకుండా కొంతసేపు ఆపుతుంది. ఆ గురువారం నేను వాడిన "భారంతో ప్రార్థించాలి" అన్న మాట అలాంటి ఐసు. మొప్ప ఎత్తి చూసివుంటే లోపల ఏముందో నాకే తెలిసేది.

మన సంఘాల్లో ఈ ఐసు చాలా విరివిగా దొరుకుతుంది. "మన మధ్యనే అనుకోండి", "మీరు ప్రార్థన చేస్తారని చెబుతున్నాను", "ప్రేమతోనే అంటున్నాను" అన్న ముందుమాటలు తగిలించి పలికిన మాటల్లో ఎన్ని నిజంగా దేవుని సన్నిధికి చేరాయో, ఎన్ని పక్కింటి అరుగు దగ్గర ఆగిపోయాయో ఎవరికి వారు లెక్క వేసుకోవలసిందే. ఇప్పుడు వాట్సాప్ గుంపులు వచ్చాక అరుగు ఇంకా పెద్దదయింది. ఒక రోగి పేరు, ఆసుపత్రి మంచం ఫొటో, "అత్యవసర ప్రార్థన" అన్న శీర్షిక, అన్నీ కలిపి ఆ రోగి భార్యకు తెలియకముందే దుబాయిలో ఉన్న బంధువుల ఫోనులోకి వెళ్లిపోతున్నాయి. పంపినవారి మనసు చెడ్డదని నేను అనను. నా మనసు కూడా చెడ్డదని ఆనాడు నాకు అనిపించలేదు.

పౌలు ఆ వచనంలో మంచి మాటకు గుర్తులు చెబుతూ "అవసరమునుబట్టి" అని ఒక మాట వేశాడు, దాని మీద ప్రసంగాలు తక్కువగా విన్నాను. మాట నిజమా అని అడిగి ఊరుకోక, ఇది ఇప్పుడు, ఈ మనిషికి, అవసరమా అని అడగమంటున్నాడు. పిల్లలనూ ఆస్తినీ పోగొట్టుకొన్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు ముగ్గురూ ఏడు పగళ్లు ఏడు రాత్రులు అతనితో నేలమీద కూర్చుండి ఒక్క మాటైనా పలకకుండా ఉన్నంతవరకు గొప్ప స్నేహితులే. నోరు తెరచిన తరువాత వారు చెప్పినవాటిలో చాలా మాటలు ఇప్పటికీ ప్రసంగాల్లో వాడుకోదగినంత బాగుంటాయి, అయినా వారు యుక్తమైనది పలుకలేదని చివరకు దేవుడే తీర్పు చెప్పాడు. మా నాన్నగారు పోయిన రోజున ఒక పెద్దమనిషి నా భుజం మీద చెయ్యి వేసి, దేవుడు ఏం చేసినా మన మేలుకేనని ఒక చిన్న ప్రసంగమే చేశారు. ఆ ప్రసంగంలోని ప్రతి వాక్యాన్నీ నేను నమ్ముతాను, అయినా ఆ గంటలో అది నన్ను రాయితో కొట్టినట్టు కొట్టింది. మా వీధిలోని ఒక ముసలమ్మ మాత్రం చెంబు నిండా జావ తెచ్చి, "తాగు నాయనా, రాత్రంతా మేలుకోవాలి" అన్నది. ఆమె వాక్యమేదీ చెప్పలేదు. అవసరాన్ని బట్టి పలికిన మాట అంటే ఏమిటో నాకు ఆ చెంబుతో అర్థమైంది.

అయితే శ్రేష్ఠమైన మాట అంటే ఎప్పుడూ తియ్యని మాటేనని కూడా అనుకోరాదు. "ప్రేమ గలిగి సత్యము చెప్పుచు" అన్నది కూడా ఆ నాలుగవ అధ్యాయంలోని మాటే. దీనికి మన తెలుగు సంఘ చరిత్రలోనే ఒక సాక్ష్యం ఉన్నది. తిరునెల్వేలి ప్రాంతం నుండి తమిళ దేశం విడిచి 1909లో దోర్నకల్లుకు సేవకు వచ్చిన వి. ఎస్. అజరయ్య గారు, ఆ మరుసటి సంవత్సరం, 1910లో, స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడారు. సభలో కూర్చున్నవారిలో అత్యధికులు తెల్లవారు, ఆయన దేశంలో సువార్త పనికి డబ్బు పంపేవారు, మనుషులను పంపేవారు. వారి ఎదుట ఆయన, మిషనరీలకూ భారతీయ సేవకులకూ మధ్య ఉన్న దూరాన్ని దాచకుండా చెప్పి, చివరకు కొరింథీయుల పత్రికలోని ప్రేమ అధ్యాయాన్ని ఆధారం చేసుకొని, మీరు మీ ఆస్తిని బీదలకు ఇచ్చారు, మీ శరీరాలను కాల్చబడటానికి అప్పగించారు, మేము ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు. ఆ మాటలు సభలో చాలామందికి నచ్చలేదు.

నేను ఆ ప్రసంగాన్ని తలచుకొన్నప్పుడల్లా గమనించేది ఆయన ధైర్యాన్ని ఒక్కదానినే కాదు. ఎవరి తప్పు చెప్పాలో వారి ముఖం మీదనే చెప్పారు, వారు లేనిచోట మరొకరితో చెప్పుకోలేదు. చెప్పినది వారిని పడగొట్టడానికి కాక వారితో కలిసి కూర్చోవడానికి చెప్పారు, ఎందుకంటే స్నేహం అడిగేవాడు తలుపు మూసుకోడు. 1912 డిసెంబరులో కలకత్తాలో ఆయన బిషపుగా అభిషేకం పొంది ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషపు అయ్యారు, 1945 జనవరి 1న చనిపోయే వరకు దోర్నకల్లు అధ్యక్ష మండలంలోనే, తనది కాని తెలుగు భాషను నేర్చుకొని, ఊరూరా తిరిగి సేవ చేశారు. నిష్ఠూరమైన నిజం చెప్పిన తరువాత ముప్పై ఏళ్లకు పైగా ఆ మనుషుల మధ్యనే నిలిచి పనిచేశారు. మనలో చాలామంది "నేను ముక్కుసూటి మనిషిని" అంటూ ఒక మాట విసిరి, ఆ మరుసటి ఆదివారం నుండి వేరే సంఘానికి వెళ్లిపోతాం.

నా సంగతికి వస్తాను. ఆ తండ్రి ప్రశ్న నాలోకి దిగడానికి రెండు మూడు రోజులు పట్టింది. దిగిన తరువాత, నా అలవాటు ప్రకారం, ఒక నియమం పెట్టుకొన్నాను. ఎవరి గురించీ ఏమీ మాట్లాడకూడదు, ప్రార్థన కూడికలో నోరు తెరవకూడదు, స్టాఫ్ రూములో నలుగురూ మాట్లాడుకుంటున్నప్పుడు నోటుపుస్తకాలు దిద్దుకుంటూ కూర్చోవాలి. "యెహోవా, నా నోటికి కావలియుంచుము" అన్న నూట నలభై ఒకటవ కీర్తన వచనాన్ని చీటీ మీద రాసి బల్లకు అతికించాను. నాలుగు వారాలు బాగానే గడిచింది. అయిదవ వారం మా ఆవిడ, "మీరు మాట్లాడకుండా ఉండటం కూడా ఎవరినో తిడుతున్నట్టే ఉందండీ" అన్నది. నిజమే, నేను నోరు మూసుకొని లోపల అందరినీ విమర్శిస్తూనే ఉన్నాను. హృదయంలో నిండి ఉన్నదాన్ని బట్టి నోరు మాట్లాడుతుందని ప్రభువు చెప్పాడు. నేను కుండను అలాగే ఉంచి మూత మాత్రం బిగించాను.

అప్పుడు నన్ను నేను అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలింది. ఆ రోజు ఆ సంగతి ఎందుకు చెప్పాను? రాయడానికి సిగ్గుగా ఉన్నా రాస్తాను. ఆ సంవత్సరం మా అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం మానేసి, ఇంటికి రాకుండా, మందిరం ముఖం చూడకుండా, ఫోను చేస్తే ఎత్తకుండా ఉండేవాడు. ప్రతి ఆదివారం ఎవరో ఒకరు, "అబ్బాయి ఎలా ఉన్నాడండీ మాస్టారూ?" అని అడుగుతారేమోనన్న భయంతో నేను ఆరాధన అయిన వెంటనే పక్క గుమ్మం నుండి బయటికి వచ్చేవాణ్ణి. ఆ గురువారం ప్రార్థన అంశాలు అడుగుతూ అయ్యగారు వరుసగా ఒక్కొక్కరి వైపు చూస్తున్నారు. నా వంతు వస్తోంది. వేరొకరి ఇంటి సంగతి ఒకటి నా దగ్గర సిద్ధంగా ఉంది. నా ఇంటి వైపు రాబోయే చూపులను ఆ ఇంటి వైపు తిప్పేశాను. మొప్ప ఎత్తితే లోపల కనిపించినది అదే. అది దురుద్దేశం కన్నా భయం అనే చెప్పాలి. కాలు నిలవనివాడు చేతికి దొరికినదాన్ని పట్టుకుంటాడు, నా చేతికి ఆ పిల్ల పేరు దొరికింది.

మా వీధి చివర ఒక పెద్దాయన ఉంటారు. వయసులో ఉన్నప్పుడు కాకినాడ రేవులో మరబోటు మీద సరంగుగా పనిచేశారు. ఆ రోజుల్లో ఒక సాయంత్రం, సండే స్కూలు పిల్లలకు లంగరు గురించి చెప్పవలసి వచ్చి, ఆయన దగ్గరకు వెళ్లి అడిగాను. లంగరు ఎంత బరువు ఉంటే బోటు అంత గట్టిగా నిలుస్తుంది కదా అన్నాను. ఆయన నవ్వి, "బరువుతో ఏం పని లేదని కాదు మాస్టారూ, కాని అసలు సంగతి మోకులో ఉంటుందండీ" అన్నారు. "నీళ్ల లోతు ఎంతుంటే దానికి అయిదారింతలు మోకు వదలాలి. పొదుపు చేసి పొట్టిగా వదిలామనుకోండి, అల లేచినప్పుడల్లా బోటు లంగరును పైకి ఎత్తేస్తుంది. అప్పుడది ఇసకను గీసుకుంటూ బోటుతో పాటే వచ్చేస్తుందండీ. లంగరు వేశామని మనం లోపల నిద్రపోతుంటాం, తెల్లారేసరికి ఎక్కడో ఉంటాం." చెబుతూ చెబుతూ ఆయన తన అరచేతిని బోటుగా చేసి గాలిలో పైకీ కిందికీ ఊపి చూపించారు. ఆ అరచేతి మధ్యలో మోకు ఒరిపిడికి గట్టిపడిన చర్మం, పని మానేసి ఎన్నేళ్లయినా, పసుపురంగు గీతలా అలాగే ఉంది.

నేను ఇంటికి వచ్చి హెబ్రీయుల పత్రిక ఆరవ అధ్యాయం మళ్లీ చదివాను. "ఈ నిరీక్షణ నిశ్చలమును, స్థిరమునై, మన ఆత్మకు లంగరువలె ఉండి తెరలోపల ప్రవేశించుచున్నది" అన్న వచనం కోసం తెరిచిన పుస్తకం, దానికి ముందున్న వచనాల దగ్గర నన్ను ఆపేసింది. దేవుడు అబ్రాహాముకు వాగ్దానం చేసినప్పుడు తనకంటె గొప్పవాడెవడూ లేడు గనుక తనతోడని ప్రమాణం చేశాడు. వాగ్దానం ఒకటి, ప్రమాణం ఒకటి, ఈ రెంటి విషయంలో దేవుడు అబద్ధమాడటం అసాధ్యం, కనుక మనకు బలమైన ధైర్యం ఉన్నది అంటాడు ఆ పత్రికా రచయిత. లంగరు మాట ఆ వెంటనే వస్తుంది. అంటే మనం వేసుకొన్న లంగరు ఒక మాట మీద వేసుకొన్నది. దేవుడు ఇచ్చిన మాట, తప్పని మాట. రోము నగరం కింద భూగర్భ సమాధుల్లో తొలి శతాబ్దాల విశ్వాసులు తమ చనిపోయినవారి రాతిపలకల మీద లంగరు గుర్తును చెక్కుకొన్నారు. పోయినవారిని తిరిగి చూపించే శక్తి వారికి లేదు, ఆయన ఇచ్చిన మాట మాత్రం ఉంది. ఎవరి మాట మీదనో ఇంతగా ఆనుకొని బ్రతుకుతున్నవాణ్ణి, నన్ను నమ్మి ఒక మనిషి బడి గేటు దగ్గర చెప్పుకొన్న మాటను నేను ఏం చేశాను?

నాకు నాలుక సమస్యగా కనిపించినది మోకు సమస్య అని అప్పుడు తెలిసింది. నేను బైబిలు చదవకపోలేదు. రోజూ చదువుతాను, కాని ఆదివారం పిల్లలకు ఏం చెప్పాలా అని చదువుతాను. మా అబ్బాయి పేరు పట్టుకొని, నా భయాన్ని పట్టుకొని, ఆ వాగ్దానాల దగ్గర చాలాసేపు కూర్చున్నది ఎప్పుడో గుర్తులేదు. నీరు నిలకడగా ఉన్న రోజులకు సరిపడా మోకు వదిలి, లంగరు వేశాననుకొన్నాను. ఎఫెసీయుల నాలుగవ అధ్యాయాన్ని ఈ కంటితో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అలలచేత ఎగురగొట్టబడుతూ ఇటు అటు కొట్టుకొనిపోయే పసిపిల్లల్లా ఉండవద్దని పద్నాలుగవ వచనంలో చెప్పిన తరువాతనే పౌలు నోటి సంగతికి వచ్చాడు. కొట్టుకొనిపోతున్నవాడికి మంచి మాటలు నేర్పి ప్రయోజనం లేదని ఆయనకు తెలుసు. ఓడల సంగతి ఆయనకు తెలిసినంతగా మన బైబిలు పండితుల్లో ఎంతమందికి తెలుసు!

అపొస్తలుల కార్యముల ఇరవై ఏడవ అధ్యాయం చదివితే ఈ లంగరూ ఈ నోరూ ఒకే ఓడలో కనిపిస్తాయి. ఇటలీకి పోతున్న అలెక్సంద్రియ ఓడ, అందులో రెండు వందల డెబ్బై ఆరుగురు, ఊరకులోను అనే పెనుగాలి, చాలా రోజులుగా సూర్యుడూ నక్షత్రాలూ కనిపించని ఆకాశం. పౌలు ఆ ఓడలో ఖైదీ. క్రేతు ద్వీపం నుండి బయలుదేరవద్దని ఆయన ముందే చెప్పాడు, ఎవరూ వినలేదు. నోరు తెరవగానే ఆయన కూడా, నా మాట విని ఉండవలసింది అని ఒక ముక్క అనే అన్నాడు. ఆ ముక్క బైబిలులో ఉండటం నాకు ఎంతో ఊరట, అపొస్తలుడి నోట కూడా "నేను ముందే చెప్పానా లేదా" అన్నమాట వచ్చింది. కాని ఆయన అక్కడ ఆగిపోలేదు. ధైర్యం తెచ్చుకోండి, నాతో చెప్పిన ప్రకారం జరుగుతుందని నేను దేవుని నమ్ముచున్నాను అన్నాడు. తనతో ఒక మాట చెప్పబడింది, దాని మీద నిలబడి ఇతరులకు ఒక మాట చెప్పగలిగాడు. ఆ గాలిలో ఆయన స్వంత ధైర్యమైతే ఎంతసేపు నిలిచేది?

పద్నాలుగవ రాత్రి ఓడవారు లోతు కొలిచే బుడుదు వేసి చూస్తే ఇరవై బారల లోతు, ఇంకొంత దూరం పోయాక పదిహేను బారలు. రాళ్లకు తగులుతామేమోనని అమరములో నుండి, అంటే ఓడ వెనుకవైపు నుండి, నాలుగు లంగరులు వేసి ఎప్పుడు తెల్లవారుతుందా అని కాచుకొని ఉన్నారు. అదే చీకటిలో కొందరు ఓడవారు, ముందువైపు నుండి కూడా లంగరులు వేస్తున్నట్టు నటిస్తూ, పడవను నీళ్లలోకి దించి పారిపోబోయారు. ఇన్నేళ్లుగా ఈ అధ్యాయం చదువుతున్నా ఈ దొంగ లంగరుల దగ్గర నేనెప్పుడూ ఆగలేదు. చూసేవారికి అది అందరి క్షేమం కోసం చేస్తున్న పనిలాగే ఉంటుంది, చేతిలో లంగరు కూడా ఉంటుంది, మనసులో మాత్రం తాను ఒక్కడే తప్పించుకొనే పడవ ఉంటుంది. ఆ గురువారం పదిహేనుమంది మధ్యలో నేను వేసిన ప్రార్థన అంశం ఏమిటో నాకు ఇంతకంటె స్పష్టంగా మరెవరూ చెప్పలేదు. పౌలు ఆ సంగతిని కనిపెట్టి శతాధిపతితో చెప్పాడు, ఇది చాడీ కాదు, అందరి ప్రాణాలూ దాని మీద ఆధారపడి ఉన్నాయి. తెల్లవారుతుండగా అందరినీ ఆహారం తీసుకొమ్మని బ్రతిమాలి, తానే రొట్టె పట్టుకొని అందరి ఎదుట దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించి, విరిచి తినసాగాడు. అప్పుడు అందరూ ధైర్యం తెచ్చుకొన్నారని లూకా వ్రాశాడు. ఆ రాత్రంతటిలో నాకు అన్నిటికంటె మంచి మాటగా అనిపించేది ఆ భోజనం ముందు చేసిన చిన్న ప్రార్థన.

బల్లకు అతికించిన చీటీ ఇప్పటికీ అక్కడే ఉంది, అంచులు ముడుచుకుపోయాయి. దాని పక్కన మా అబ్బాయి పేరు రాసుకొన్నాను. ఉదయం నాలుగున్నరకు లేచి, పాఠం కోసం కాకుండా చదవడం అలవాటు చేసుకొంటున్నాను, కొన్ని రోజులు కునుకు పడుతుంది, కొన్ని రోజులు ఒకే వచనం దగ్గర అరగంట గడిచిపోతుంది. గురువారం కూడికలో, వరుస నా దగ్గరకు వచ్చినప్పుడు, మొదటిసారి మా అబ్బాయి సంగతి చెప్పడానికి నాకు దాదాపు ఆరునెలలు పట్టింది. గొంతు పట్టుకుపోయి సగం మాటలే బయటికి వచ్చాయి. అయ్యగారు వివరాలు అడగకుండా, "ప్రభువుకు తెలుసు మాస్టారూ" అని ఊరుకొన్నారు.

ఆ అమ్మాయి తండ్రి దగ్గరకు నేను అంతకు చాలా ముందే వెళ్లాను. క్షమించమని అడిగాను. అమ్మాయిని కూడా పిలిచి అడగనా అంటే, వద్దని, ఆ సంగతి మళ్లీ ఆ పిల్ల ముందు ఎత్తవద్దని అన్నాడు. ఆయన క్షమించానని అనలేదు, క్షమించలేదనీ అనలేదు. ఆ కుటుంబం ఇప్పుడు పక్క ఊరి మందిరానికి వెళుతోంది, నా వలన వెళ్లారన్న సంగతిని నేను ఎవరి ముందూ దాచలేదు.

మొన్న ఫిబ్రవరిలో బస్టాండు పక్కన టీ కొట్టు దగ్గర ఆయన కనిపించాడు. "వందనాలండీ మాస్టారూ" అని తానే పలకరించి, రెండు టీలు చెప్పి, నా పక్కన బల్ల మీద కూర్చున్నాడు. కొంతసేపు ఎండల గురించి, నా పింఛను కాగితాల గురించి మాట్లాడుకొన్నాం. తరువాత గ్లాసు వైపే చూస్తూ, "మీ అబ్బాయి ఎలా ఉన్నాడండీ?" అని అడిగాడు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అయ్యగారికి కూడా చెప్పని ఒకటి రెండు సంగతులు, ఎందుకో తెలియదు, ఆయనతో చెప్పాను. ఆయన టీ చల్లారిపోయేదాకా విని, తల ఊపి, నా డబ్బులు కూడా తానే ఇచ్చి, బస్సు వస్తే ఎక్కి వెళ్లిపోయాడు. ఇది జరిగి చాలా నెలలైంది. ఆ రోజు నేను చెప్పిన సంగతుల్లో ఒక్కటి కూడా ఇంతవరకు మరొకరి నోట నాకు వినబడలేదు.